ఆఖరి బండి ఎందుకు ఆలస్యమైంది

మా వాచీలన్న కోతలరాయుడని వీధి మొత్తానికి తెలుసు. ఆ మాట ఆయన మొహం మీదే అంటాం, ఆయనా ఏమీ అనుకోడు. నవ్వేసి ఇంకో కోత కోస్తాడు. ముందుగదిలో గోడ గడియారాలూ చేతి వాచీలూ బాగుచేస్తాడు, ఆ పనిలో ఉన్నంతసేపూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు. కోతలన్నీ వెనకగదిలోనే.

వెనకగది పొడుగ్గా ఉంటుంది. అందులో బల్లలు కలిపి వేసి, వాటి మీద మా ఊరు ఒకప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే కట్టాడు. స్టేషను, గేటు, వంతెన, నీళ్ళ ట్యాంకు, బొగ్గు కుప్ప. రోడ్డు మీద ముందుకి ముక్కు పొడుచుకొచ్చిన పాత బస్సు, దాని వెనక డాక్టరుగారి నల్ల కారు. పట్టాల మీద ఆకుపచ్చ రంగు ఆవిరి ఇంజను, దానికి తగిలించిన పెట్టెలు. అన్నీ చేత్తో చేసినవే. ఇంజను ముందు దీపానికి పెట్టింది ఆడవాళ్ళ చేతివాచీ అద్దం. గేటు లేచి దిగేది పాత అలారం స్ప్రింగు మీద. మొదటి తరగతి పెట్టెకి కర్టెన్లు కుట్టింది మాత్రం నేను. పక్క షాపు నాదే, దర్జీని. గోరంత గుడ్డకి అంచు మడిచి కుట్టమని నా ప్రాణం తీశాడు, కుట్టాక వంకర ఉందని మళ్ళీ మళ్ళీ విప్పించాడు. ఇక దేనికైనా రంగు వేశాడంటే ఆ రోజు మాకు గదిలోకి ప్రవేశం లేదు. కిటికీలు మూసేస్తాడు, ఫ్యాను ఆపేస్తాడు, తడి ఆరేదాకా దాని పక్కన కాపలా కూర్చుంటాడు. దుమ్ము పడుతుందట. మధ్యమధ్యలో వేలి కొసతో ముట్టుకుని ఆరిందో లేదో చూసుకుంటాడు.

ఆ స్టేషను ఇప్పుడు లేదు. పట్టాలు పీకేసి రోడ్డు వేశారు. ముక్కు బస్సులూ నల్ల కార్లూ ఎప్పుడో పాత ఇనుము కింద పోయాయి. వాటిని చూడాలనిపిస్తే మాకు వాచీలన్న వెనకగదే దిక్కు. అందుకే ఆదివారం షాపులు మూసేశాక నేనూ, మందుల షాపాయనా, కరెంటు పనులు చేసే తమ్ముడూ అక్కడ చేరతాం. కెటిల్‌తో టీ తెప్పించుకుంటాం. ఆయన బండి నడుపుతాడు, నోరూ నడుపుతాడు.

ఆయన చెప్పే కథల్లో పెద్ద కథ ఆఖరి బండిది. వాచీలన్న వాళ్ళ నాన్న ఆ ఆవిరి ఇంజను డ్రైవరు. ఆయన బండి కూత విని ఊళ్ళోవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. అంత నిక్కచ్చి మనిషి ఒక్కటంటే ఒక్క రోజు బండిని ఆలస్యంగా కదిపాడు. అదీ ఆఖరి రోజు. ఆ రోజుతో ఆ ఇంజను ఆగిపోతోంది, పెద్దాయన ఉద్యోగమూ ఆ రోజుతోనే అయిపోతోంది, చూడ్డానికి ఊరు ఊరంతా స్టేషన్లో ఉంది, గార్డు పచ్చజెండా పట్టుకుని ఉన్నాడు, బండి మాత్రం కదల్లేదు. తర్వాత ఎవరడిగినా పెద్దాయనది ఒకటే మాట, ఆవిరి ఎక్కలేదు. మాకు ఆవిరి సంగతి ఏం తెలుసు, నమ్మాం. ఆవిరి ఎందుకు ఎక్కలేదన్నది మాత్రం వాచీలన్న మాకు చెబుతూనే ఉంటాడు, చెప్పినప్పుడల్లా ఆ కథ ఇంకాస్త ఒళ్ళు చేస్తుంది.

పెద్దాయన ఇప్పుడు కూతురి దగ్గర, పక్క వీధిలో ఉంటాడు. ఆ వెనకగదిలోకి మాత్రం ఏనాడూ అడుగు పెట్టలేదు. రమ్మంటే చూద్దాంలే అంటాడు. వాచీలన్నకి అదొక్కటే మనసులో ముల్లు. ఒకసారి నా షాపులో కూర్చుని, ఊరంతా మెచ్చుకున్నా నాకు అక్కర్లేదు తమ్ముడూ, ఆ ఇంజను నడిపిన మనిషి ఒక్కసారి చూసి బాగుందంటే చాలు అన్నాడు. ఆ మాటలో కోత లేదు. ఉంటే నాకు తెలిసేది.

మొన్న ఆదివారం పెద్దాయన వచ్చాడు. వాచీలన్న వాళ్ళ అక్క ఇంటికి రంగులు వేస్తున్నారు, ఆ వాసన ఆయనకి పడదు, అందుకని అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వెనకగది గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. తనూ పక్కన స్టూలు లాక్కుంది. పెద్దాయన కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, బల్లల వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాచీలన్న ఆయనకి టీ ఇచ్చాడు, వీపు వెనక దిండు సర్దాడు, ఫ్యాను గాలి తగుల్తోందా అని అడిగాడు, మళ్ళీ దిండు సర్దాడు. ఇక ఆగలేకపోయాడు. మాకు చెబుతున్నట్టే మొదలుపెట్టాడు గానీ, గొంతు కుర్చీ దాకా వినపడేలా పెంచాడు.

“నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మీకు తెలుసు. ఆ రోజు ఆఖరి బండి ఆలస్యంగా కదిలిందంటే అది నా వల్ల. అంతే. అంతకుమించి నాకేం వద్దు. నాన్న ముందు రోజే చెప్పాడు, రేపు స్టేషనుకి రారా, నా పక్కన నిలబడు, ఇద్దరం కలిసి నడుపుదాం అని. అలా ఇంకెవరినైనా ఇంజను ఎక్కించుకున్నాడేమో కనుక్కోండి, ఆఖరికి పై అధికారి వచ్చినా ఎక్కనివ్వని మనిషి. సరే, ఇంట్లోంచి నేను టైముకే బయల్దేరాను, అది గుర్తుపెట్టుకోండి, టైముకే బయల్దేరాను, మా ఇల్లు అప్పుడు ఊరికి ఆ చివర, బస్సు ఎక్కాలి. అదుగో, ఆ బస్సే.”

బల్ల మీద ముక్కు బస్సుని చూపించాడు. అక్క టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. అది నేను చూశాను, అప్పుడు పట్టించుకోలేదు.

“ఇప్పటి బస్సులకి మీట నొక్కితే చాలు. దానికి ముక్కులో హ్యాండిల్ దూర్చి తిప్పాలి, అది తిరగబడి కొట్టిందంటే మణికట్టు పోయినట్టే. ఆ రోజు డ్రైవరు తిప్పాడు, కండక్టరు తిప్పాడు, ఉలుకూ లేదు పలుకూ లేదు. జరగండని నేను దిగాను. ఒక్క తిప్పు తిప్పాను, స్టార్టయింది. రెండో తిప్పుకి కదిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను తిప్పడం ఆపితే అదీ ఆగిపోతోంది. ఇక చేసేదేముంది, నేను వెనక్కి నడుస్తూ హ్యాండిల్ తిప్పుతున్నాను, బస్సు నా మీదికి వస్తోంది, లోపల జనం కిటికీల్లోంచి తలలు పెట్టి నన్ను ఇంకాస్త తొందరగా తిప్పమంటున్నారు.”

“స్టార్టయ్యాక ఇంకా హ్యాండిల్ దేనికన్నా?” అన్నాడు కరెంటు తమ్ముడు. వాడికి లెక్క కుదరందే నిద్ర పట్టదు.

“అది ఆ బస్సు రోగం తమ్ముడూ, ఊళ్ళో ఎవర్నైనా అడుగు. అలా నేను పరిగెత్తుతూ తిప్పుతుంటే బస్సుకి ఎక్కడలేని ఊపు వచ్చింది, దానికి వేడెక్కింది, ముక్కులో నీళ్ళు తెర్లుతున్నాయి. ఒకామె టీపొడి పొట్లం కొనుక్కుని ఇంటికెళ్తోంది, ఆ పొడి అందులో వేసేశాం. అందరం తలా ఓ గ్లాసు తాగాం.”

“బాగుందా?” అని మందుల షాపాయన నిజంగానే అడిగాడు. ఆయన అన్నీ నమ్ముతాడు, అందుకే వాచీలన్నకి ఆయనంటే ప్రాణం.

“చక్కెర తగ్గిందన్నారు. సరే, టీ తాగడంతో ముక్కులో నీళ్ళు అయిపోయాయి, బస్సు ఆగిపోయింది, స్టేషను ఇంకా దూరం. అక్కడ నాన్న నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఏం చెయ్యాలి? అప్పుడు వచ్చింది డాక్టరుగారి నల్ల కారు. ఆ కారు అందం చెబితే తీరదు. పక్కన నిలబడ్డానికి మెట్టు, నొక్కితే బాతులా అరిచే రబ్బరు బుడ్డి హారను, లోపల తోలు సీట్ల వాసన. ఇప్పుడు కార్లన్నీ ఒకే మొహం, రంగు తప్ప తేడా లేదు, అప్పుడు కారు చప్పుడు వింటే చాలు, లోపల ఎవరున్నారో ఏ ఇంటికి జ్వరం చూడ్డానికి వెళ్తున్నారో చెప్పేవాళ్ళం. చెయ్యి అడ్డం పెట్టాను. డాక్టరుగారు ఆపి, ఎక్కు నాయనా, కాకపోతే గేర్లన్నీ పోయాయి, వెనక్కి వెళ్ళే గేరు ఒక్కటే ఉంది అన్నారు. పోనివ్వండి అన్నాను. కారు మొహం ఇంటి వైపు, వీపు స్టేషను వైపు, అలా వెనక్కే పోనిచ్చాం. ఎంత జోరుగా వెనక్కి వెళ్ళామంటే, కాసేపటికి నా చేతి వాచీ చూసుకుంటే ముళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి.”

“ఛత్,” అన్నాడు కరెంటు తమ్ముడు.

“నా వాచీ గురించి నాకు చెబుతావా? తిరిగాయి. మామూలుగా కాదు, గిర్రున. లేటైపోయానని ఏడుస్తున్న మనిషికి ఒక్కసారిగా బోలెడు టైము మిగిలిపోయింది. డాక్టరుగారి నెత్తి మీద జుట్టు నల్లబడిపోయింది. అలాగే ఇంకాస్త వెనక్కి పోనిచ్చి ఉంటే…”

అక్కడ ఆగాడు. బల్ల అంచు మీద లేని దుమ్ము చేత్తో తుడిచాడు. ఆ వాక్యం పూర్తి చేస్తాడని చూశాం గానీ చెయ్యలేదు, దాన్ని వదిలేసి కొత్తది ఎత్తుకున్నాడు.

“సరే, స్టేషను వచ్చింది. తీరా దిగి చూస్తే బండి కదిలిపోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఖరి పెట్టె వెనక కొక్కెం ఉంటుంది చూడండి, అది ఒక్క చేత్తో పట్టుకున్నాను. మడమలు తన్నిపెట్టాను. ప్లాట్‌ఫారం మీద దున్నినట్టు రెండు చాళ్ళు పడ్డాయి, మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు, తర్వాత సిమెంటు పోసి కప్పేశారు. ముందు ఇంజను చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, బండి ఉన్న చోటే ఉంది. ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది. నాన్నకి వెనక ఏం జరుగుతోందో కనపడదు కదా పాపం, బండి కదలకపోయేసరికి ఆవిరి ఎక్కలేదనుకున్నాడు. అదీ సంగతి. ఆవిరి ఎక్కకేం? నేను పట్టుకున్నాను.”

ఓరకంట కుర్చీ వైపు చూశాడు. పెద్దాయన ఇంకా కిటికీలోంచే చూస్తున్నాడు, కాకపోతే కర్ర మీద వేళ్ళు ఒకసారి విప్పి మళ్ళీ పట్టుకున్నాడు. దాంతో వాచీలన్నకి ఇంకా ఊపొచ్చింది. అటు నుంచి ఒక్క మాట రావాలి, మంచో చెడో ఒక్క మాట, దాని కోసమే ఈ కష్టమంతా. చూస్తుంటే నాకే జాలేసింది.

“కొక్కెం వదిలి పెట్టెల మీద నుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళి ఇంజన్లోకి దూకాను. నాన్న చెయ్యి అందించాడు. వచ్చావురా, అన్నాడు. వచ్చాను నాన్నా, అన్నాను. ఫైర్‌మన్ బాబాయి పార నా చేతికిచ్చాడు. ఇక చూస్కోండి, బొగ్గు వేస్తుంటే పార కనపడలేదు, గాలి వస్తోందనుకున్నారట వాళ్ళిద్దరూ. బండి అందుకుంది. నాన్న కూత వేశాడు, ఆ కూత మేం పక్క స్టేషన్లో దిగి మొహాలు కడుక్కున్నాక తాపీగా వచ్చి చేరింది. సిగ్నళ్ళు చేతులు దించడానికి టైము లేక జేబుల్లో పెట్టేసుకున్నాయి. ఆ పెద్ద మలుపు గుర్తుందా, చెరుకు తోటల దగ్గర? అక్కడ మా ఇంజను మా బండి ఆఖరి పెట్టెనే అందుకుంది. గార్డు తన పెట్టెలోంచి చెయ్యి చాపి నాన్నకి టీ గ్లాసు అందించాడు, నాన్న తాగి ఖాళీ గ్లాసు ఇచ్చేశాడు.”

“అంటే బండి దాని తోక అదే…” అని కరెంటు తమ్ముడు గాల్లో వేలితో గీసి చూసుకున్నాడు. గీత కుదరలేదు.

“వంతెన మీదికి వచ్చాక,” అన్నాడు వాచీలన్న, ఇక్కడ మాత్రం గొంతు తగ్గింది, “నాన్న రెగ్యులేటరు పిడి మీద నుంచి చెయ్యి తీసి, నా చెయ్యి దాని మీద పెట్టాడు. ఇక నువ్వు నడుపురా అన్నాడు. నడిపాను. వంతెన దాటేదాకా నేనే నడిపాను. ఆ ఇనుప పిడి వేడిగా ఉంది. కింద నీళ్ళలో పొగ నీడ మాతో పాటే వస్తోంది. నాన్న ఒక పక్క, నేనొక పక్క.”

ఆ మాటల్లో మాత్రం అసాధ్యమైనది ఏమీ లేదు. ఆ మాట చెప్పినందుకు తనే కంగారుపడ్డట్టున్నాడు, గబగబా మళ్ళీ ఎత్తుకున్నాడు.

“చివరి స్టేషన్లో అందరూ దిగిపోయారు. ఇంజన్ని తెల్లారి ముక్కలు చేస్తారని అందరికీ తెలుసు. నాకు కాళ్ళు రాలేదు. మంట ఆర్పేశారు, అది చల్లారుతోంది, నేను దాని మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇనుము వేడెక్కితే పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది, అవునా కాదా, కరెంటు తమ్ముడూ నువ్వే చెప్పు.”

“అవును,” అన్నాడు వాడు, ఒప్పుకోక తప్పలేదు.

“మరి అన్నేళ్ళ వేడి అది. ఆ వేడి దిగుతున్న కొద్దీ ఇంజను తగ్గడం మొదలుపెట్టింది. ముందు నా ఎత్తుకి వచ్చింది. తర్వాత నడుము దాకా వచ్చింది. ఇంకా చల్లారింది, ఇంకా తగ్గింది, చివరికి నా అరచేతిలోకి వచ్చి ఆగింది. జేబులో వేసుకుని ఇంటికి వచ్చేశాను. అందుకే వాళ్ళకి ముక్కలు చెయ్యడానికి ఏమీ దొరకలేదు. మీరంతా దీన్ని బొమ్మ బొమ్మ అంటారు. ఇది బొమ్మ కాదు. అదే ఇది.”

మందుల షాపాయన నోరు తెరిచి ఆకుపచ్చ ఇంజను వైపు చూశాడు. కరెంటు తమ్ముడు మాత్రం తల అడ్డంగా ఊపి, రుజువేదన్నా అన్నాడు. వాచీలన్న దాని కోసమే కాచుక్కూర్చున్నాడు. జేబులోంచి, వాచీలు చూసేటప్పుడు కంటికి బిగించుకునే చిన్న భూతద్దం తీశాడు.

“ఇంజన్లోకి చూడు. ఎంతమందున్నారో చెప్పు. మామూలుగా ఇద్దరే ఉంటారు, డ్రైవరు, ఫైర్‌మన్. అక్కడ ముగ్గురున్నారు. ఇంజన్తో పాటు లోపలున్న మేమూ తగ్గాం.”

“మరి నువ్వు ఇక్కడున్నావేంటి?”

“నేను కొంతే వచ్చాను తమ్ముడూ. కొంత అక్కడే ఉండిపోయాను.”

మేం నవ్వాం. అక్క నవ్వలేదు. కరెంటు తమ్ముడు భూతద్దం అందుకోబోతుంటే వాడి కంటే ముందు ఇంకో చెయ్యి చాచుకుని వచ్చింది. పెద్దాయనది.

వాచీలన్న ఉన్నపళాన లేచాడు. పట్టాల మీద నుంచి ఇంజన్ని రెండు చేతులతో తీసి, కుర్చీ దగ్గరికి తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నాన్న ఒళ్ళో పెట్టాడు. భూతద్దం ఎలా బిగించుకోవాలో చూపించాడు. పెద్దాయన ఇంజన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. చక్రాలు చూశాడు, కూత గొట్టం చూశాడు, లోపలికి చూశాడు. లోపలికి చాలాసేపు చూశాడు.

“ముగ్గురున్నారు,” అన్నాడు.

“అవును నాన్నా. నువ్వు, బాబాయి, నేను.”

పెద్దాయన భూతద్దం తీసి మా వైపు తిరిగాడు. “బండి ఆలస్యమైంది వీడి వల్లే. అదొక్కటీ నిజం.”

వాచీలన్న మొహం వెలిగిపోయింది. చూశారా అన్నట్టు కరెంటు తమ్ముడి వైపు తలెగరేశాడు. కానీ పెద్దాయన మాట ఇంకా అయిపోలేదు. ఆయన తక్కువ మాట్లాడతాడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటాడు.

“ఆవిరి ఎక్కకపోవడం ఏంటి. బొగ్గు మంచిది, నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆవిరి ఎంతుందో చూపించే ముల్లు ఎర్రగీత దాటేసింది. పైన వాల్వు తెరుచుకుని బుస్సుమని ఆవిరి పోతోంది, ఎవడి మాట ఎవడికీ వినపడ్డం లేదు. అంత ఆవిరి కింద నిలబడి గార్డుతో అరిచి చెప్పాను, ఆవిరి ఎక్కలేదని. నా సర్వీసులో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. వాడు నా మొహం చూసి జెండా దించేశాడు.”

ఫైర్‌మన్ని ఒక పక్కకి జరిపి, తన పక్కన మనిషి నిలబడేంత చోటు ఖాళీగా ఉంచాడట. కూతురికి సైకిలిచ్చి, తమ్ముణ్ణి తీసుకురామ్మా అని ఇంటికి పంపించాడట. ఆమె వెళ్ళిన దారి వైపే చూస్తూ నిలబడ్డాడట. ఇదంతా ఆయన ఎవరి మీదా కోపం లేకుండా, ఊరికే చెప్పాడు. అక్క ఒళ్ళో టీ గ్లాసు వైపే చూస్తోంది, టీ ఎప్పుడో చల్లారిపోయింది.

“ఇది ఒక్కతే వచ్చింది. ఇంజను బొమ్మకి రెండో కోటు వేశాడట. తడి మీద వదిలేసి వస్తే దుమ్ము పడుతుందట. ఆరాక వస్తానన్నాడట.”

వాచీలన్న మోకాళ్ళ మీద అలాగే కూర్చున్నాడు. ఆవిరి ఎక్కలేదన్న మాట ఊరందరితో పాటు ఆయనా నమ్మాడని నాకు అప్పుడు అర్థమైంది. నమ్మి, దాని మీద బస్సూ కారూ కొక్కెమూ అన్నీ పేర్చుకుంటూ వచ్చాడు.

“నా కోసం ఆపావా నాన్నా?”

“మరి ఎవరి కోసం ఆపుతాను.”

“అక్కా, నువ్వైనా చెప్పలేదే.”

“నాన్న వద్దన్నాడు,” అంది అక్క. “వాడు బాధపడతాడే అన్నాడు.”

పెద్దాయన ముందుకు వంగాడు. ఒళ్ళో ఇంజన్ని కొడుకు వైపు కాస్త జరిపాడు.

“ఏరా చిన్నోడా,” అన్నాడు. “ఆరిందా రంగు?”

వాచీలన్న చెయ్యి చాపాడు. ఏ రంగు వేసినా చేసినట్టే వేలి కొసతో ఇంజను పక్క భాగాన్ని మెల్లగా ముట్టుకున్నాడు, ఎక్కడ మరక పడుతుందో అన్నట్టు. వేలు తిప్పి చూసుకున్నాడు.

“ఆరింది నాన్నా.”

“మంచి రంగు. అచ్చం అదే ఆకుపచ్చ.” పెద్దాయన దాన్ని అరచేత్తో నిమిరాడు. “బాగుంది.”

ఇన్నేళ్ళూ ఏ మాట కోసం ఆ గదిలో రెక్కలు ముక్కలు చేసుకున్నాడో ఆ మాట వచ్చింది. రాకపోయినా బాగుండేదేమో అనిపించింది నాకు, ఆయన మొహం చూశాక. చక్రాలకి నూనె వెయ్యాలి, సీసా తెస్తాను అని వాచీలన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నూనె సీసా బల్ల మీదే ఉంది. కాసేపటికి లోపల కొళాయి తిప్పిన చప్పుడైంది, ఎంతసేపైనా అది ఆగలేదు.

మందుల షాపాయన కెటిల్ ఎత్తి చూసి మళ్ళీ పెట్టేశాడు. చివరికి కరెంటు తమ్ముడే పెద్దాయన ఒళ్ళోంచి ఇంజన్ని జాగ్రత్తగా తీసుకెళ్ళి స్టేషన్లో పట్టాల మీద పెట్టాడు, పెట్టెలు తగిలించాడు, బండిని నడిపే కరెంటు డబ్బాని వైరుతో సహా కుర్చీ దగ్గరికి జరిపాడు. ఇవాళ మీరే నడపండి పెద్దాయనా అన్నాడు. అక్క నాన్న చెయ్యి పట్టుకుని దాని గుండ్రటి పిడి మీద పెట్టింది. గేటు పడింది. ముక్కు బస్సూ నల్ల కారూ గేటు దగ్గర ఆగి ఉన్నాయి. సిగ్నలు చెయ్యి దించింది.

పెద్దాయన పిడి పట్టుకున్నాడు గానీ తిప్పలేదు.

“ఇటు తిప్పు నాన్నా, కుడివైపుకి,” అంది అక్క.

ఆయన తిప్పలేదు. కరెంటు తమ్ముడు వంగి వైరు చూశాడు, ప్లగ్గు చూశాడు, కరెంటు ఉందే అన్నాడు. లోపల కొళాయి ఇంకా పోతూనే ఉంది. పెద్దాయన ఆ తలుపు వైపే చూస్తున్నాడు.

“ఆగండి,” అన్నాడు. “ఆవిరి ఎక్కలేదు.”